మిషనక్క కూతురు మాట్లాడటం లేదట

టీచరు ఫోనులో చెప్పిన మాట విని మిషనక్క ముందు నవ్వేసింది. తొక్కుతున్న మిషను ఆపి, ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుని, "ఎవరి పిల్ల గురించండీ మీరు చెప్తున్నది?" అని అడిగింది.

"మీ అమ్మాయి గురించేనమ్మా. మూడో తరగతి, రెండో బెంచీ, కిటికీ పక్కన. బడి తెరిచి మూడు వారాలైంది. ఇంతవరకు ఆ పిల్ల నోట ఒక్క మాట రాలేదు."

"మా రేడియోనా?"

ఆ పిల్లకి రేడియో అని పేరు పెట్టింది నాయనమ్మ. పొద్దున కళ్ళు తెరవడంతోనే మొదలయ్యే ప్రసారం, రాత్రి కంచం ముందు కూర్చుని కునికేదాకా ఆగదు. అదీ మామూలు గొంతు కాదు. కుట్టుమిషను రొదలో పుట్టి పెరిగిన పిల్ల. ఆ చప్పుడు మీద తన మాట వినపడాలంటే అరిచి చెప్పక తప్పని ఇల్లు అది.

"నవ్వే సంగతి కాదమ్మా," అంది టీచరు. "చదవమంటే చదవదు. అడిగితే చెప్పదు. బడి మూసి ఫోనులో పాఠాలు చెప్పిన ఈ రెండేళ్ళలో ఏమీ నేర్చుకోలేదేమో అనుకుంటున్నాం. శుక్రవారం పెద్ద టీచరు మిమ్మల్ని రమ్మన్నారు. మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెడదామంటున్నారు."

మిషనక్క నవ్వు అక్కడే తెగిపోయింది.

ఆమె అసలు పేరు బ్యాంకు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. పన్నెండేళ్ళుగా ఆ వీధికంతా మిషనక్కే. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ దగ్గర మిషను, గోడకి కొక్కేల మీద కుట్టిన బట్టలు, మూలన గుడ్డముక్కల మూట, ఆ మూటకి ఆనుకుని అత్తగారి మంచం. వెనక గదిలో వంట. మొగుడు సరుకుల వ్యాను నడుపుతాడు, తెల్లారకముందే వెళ్ళి సాయంత్రానికి వస్తాడు. బడి పిల్లల యూనిఫాంలు ఏటా ఆమే కుడుతుంది.

ఒకటో తరగతి అన్న మాట ఆమెకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తను ఐదులో ఉండగా జబ్బు చేసి ఏడాది మంచాన పడింది. తిరిగి వెళ్తే మూడో తరగతి పిల్లల మధ్య కూర్చోమన్నారు. మోకాళ్ళు బల్ల కింద పట్టేవి కావు. తోటి పిల్లలు కిటికీలోంచి చూసి "పెద్దమ్మా, బాగున్నావా?" అని పలకరించి పోయేవారు. నాలుగు నెలలు ఓర్చుకుని, ఐదో నెల సంచీ అటకెక్కించింది. ఎవరూ వెనక్కి పిలవలేదు. బడి నుంచి పిల్లల్ని గెంటెయ్యడానికి మెడ పట్టుకోనక్కర్లేదు, బెంచీ మార్చితే చాలు.

సాయంత్రం ఇంట్లో పంచాయితీ పెట్టింది.

"నా తల్లి నోరూ నీ తల్లి నోరూ కలిపి పోత పోసిన పిల్ల అది," అన్నాడు మొగుడు, కాళ్ళు కడుక్కుంటూ. "మాట్లాడకపోవడమేంటి?"

"మధ్యలో నా నోరెందుకురా?" అంది మంచం మీంచి అత్తగారు. "ముందు ఆ టీచరమ్మని చెవులు చూపించుకోమనండి."

మిషనక్క కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "టీచరు అడిగితే చెప్పట్లేదటగా?"

"చెప్తున్నా!" పిల్ల గొంతుకి గోడకున్న అద్దం అదిరింది. "అన్నీ చెప్తున్నా. నిన్న ఏడో ఎక్కం అడిగారు. మొత్తం చెప్పా. పక్క పిల్ల రెండు చోట్ల తప్పింది. నేను ఒక్కచోట కూడా తప్పలేదు."

"మరి చెప్పలేదంటున్నారే?"

"ఏమో. ఆవిడ నా వైపు చూడరు."

పిల్ల కళ్ళలోకి చూసింది తల్లి. అబద్ధం చెప్పేటప్పుడు ఆ పిల్ల కుడికాలి బొటనవేలు నేల మీద తిప్పుతుంది. వేలు కదల్లేదు. మిషనక్కకి విషయం అర్థమైపోయింది. అర్థమైపోయిందనే అనుకుంది. టీచరుకి తన పిల్ల కంటికి ఆనడం లేదు.

మర్నాడు గేటు దగ్గర టీచర్ని పట్టుకుంది. పక్కన పదిమంది తల్లులున్నా గొంతు తగ్గించలేదు. "చెప్పేదాన్ని చెప్పనివ్వకుండా, చెప్పలేదంటే ఎలాగండీ? మంచి బట్టలేసుకొచ్చిన పిల్లల్ని ముందు అడిగి, మా పిల్లల దగ్గరికొచ్చేసరికి గంట కొట్టేస్తారా?"

టీచరు చిన్న వయసు మనిషి. మాస్కు పైన కళ్ళు ఎర్రగా అలిసిపోయి ఉన్నాయి. "నలభై రెండు మందమ్మా. రోజూ ఒక్కొక్కర్నీ లేపి అడుగుతున్నాను. మీ అమ్మాయి లేచి నిలబడుతుంది. నిలబడి నన్నే చూస్తుంది. అంతే. నాకు అబద్ధమాడాల్సిన అవసరమేంటి?"

"నా కూతురికి మాత్రం ఏంటి?"

ఇద్దరికీ అవసరం లేదు. ఇద్దరూ నిజమే చెప్పారు. అది తెలియడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఈలోగా మిషనక్క ఒక చొక్కాకి రెండు ఎడమ చేతులు కుట్టింది. మొగుడు మాట్లాడించబోతే, "నాతో కాదు, పోయి బడిలో మాట్లాడండి" అని కసిరింది. పిల్లని మాత్రం ఏమీ అనలేదు.

గురువారం ఆమె బడికి వెళ్ళింది పిల్ల కోసం కాదు, తన తప్పు దిద్దుకోవడానికి. బడి తెరుస్తున్నారని తెలియగానే పాత కొలతల పుస్తకం తీసి, అందరికీ రెండేసి అంగుళాలు కలిపి యూనిఫాంలు కత్తిరించేసింది. పిల్లలు ఆమె లెక్క ప్రకారం పెరగలేదు. ఒకడు తాటిచెట్టులా సాగాడు. ఒకత్తి అడ్డంగా పెరిగింది. ఒకడు అసలు పెరగనే లేదు. వాడి పాత చొక్కా ఇంకా వాడికి వదులే. ఆ ఇంట్లో రెండేళ్ళు ఏం తిన్నారో, ఏం తినలేదో ఆ చొక్కాని చూస్తే చాలు. అందుకని మళ్ళీ కొలిచి, విప్పి కుట్టి ఇస్తానని ఒప్పుకుంది. వరండాలో స్టూలు వేసి, మెడలో టేపు వేసుకుని, ఒక్కొక్క పిల్లనీ తరగతి గదిలోంచి పిలుస్తూ కొలవడం మొదలుపెట్టింది.

స్టూలు వేసిన చోటు నుంచి మూడో తరగతి కిటికీ సూటిగా కనపడుతుంది. ఆ కిటికీ పక్కనే కూతురు.

లోపల ఎక్కాలు జరుగుతున్నాయి. టీచరు, పాపం, నిజంగానే వరసగా లేపుతోంది. ఆ వరసలో రేడియో వంతు వచ్చింది.

"ఎనిమిది ఆర్లు?"

పిల్ల లేచి నిలబడింది. శబ్దం లేదు. మిషనక్క చేతిలో టేపు బిగుసుకుంది. టీచరన్నది నిజమే. తన కూతురు కుక్కిన పేనులా నిలబడి ఉంది. అప్పుడే పిల్ల చూపుడువేలితో మాస్కు పైకి లాక్కుంది.

"ఎనిమిది ఏడులు?" టీచరు మళ్ళీ ప్రయత్నించింది.

మాస్కు జారింది. పిల్ల మళ్ళీ పైకి లాక్కుంది.

ఆ మాస్కు మిషనక్క కుట్టిందే. బడులు మూసి యూనిఫాంల పని పోయినప్పుడు ఇంటిని నిలబెట్టినవి మాస్కులే. వందలకొద్దీ కుట్టింది. కొన్నవాళ్ళందరిదీ ఒకటే ఫిర్యాదు. "అక్కా, ఊరికే ఉంటే బాగానే ఉంటుంది. నోరు తెరిచామంటే ముక్కు మీంచి జారిపోతోంది." గడ్డం దగ్గర మడత తక్కువైతే అంతే. దవడ కదిలినప్పుడల్లా గుడ్డని కిందికి లాగుతుంది. కూతురికి కుట్టినదీ అలాంటిదే, మిగిలిన ముక్కతో.

ఊరికే ఉంటే జారదు. మాట్లాడితేనే జారుతుంది.

"ఎనిమిది ఎనిమిదులు?" మాస్కు జారింది. గుడ్డ అబద్ధం చెప్పదు. మిషనక్కకి ఒళ్ళు ఝల్లుమంది. పిల్ల జవాబులన్నీ చెప్తోంది. ఒక్కటి కూడా పెదవి దాటడం లేదు.

తర్వాత పేరు తన కూతురిదే పిలిచింది. పిల్ల ఎగురుకుంటూ వరండాలోకి వచ్చి, అలవాటు ప్రకారం చేతులు రెండూ చాపి నిలబడింది. మిషనక్క భుజం మీద టేపు పెట్టి, ఏమీ ఎరగనట్టు, "ఎనిమిది ఆర్లు ఎంతే?" అంది.

పిల్ల పెదాలు కదిపింది. మాస్కు జారింది.

"వినపడలేదు."

పిల్ల అటూ ఇటూ చూసి, తల్లి చెవి దగ్గరికొచ్చి గుసగుసలాడింది. "ఇది స్కూలు కదమ్మా."

"అయితే?"

"స్కూల్లో మ్యూట్‌లో ఉండాలిగా."

మిషనక్క స్టూలు మీద కూలబడింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఫోనులో పాఠాలు మొదలైన నెలలో ఒక రోజు. ఇంట్లో ఒకటే ఫోను, దాన్ని గుడ్డల మూటకి ఆనించి పిల్ల పాఠం వింటోంది. పక్కన తను మిషను తొక్కుతోంది. అత్తగారు దగ్గుతోంది, వెనక గదిలో కుక్కరు ఈలలు వేస్తోంది. పిల్ల జవాబు చెప్పడానికి మైకు తీసింది. ఇల్లంతా పొలోమని నలభై ఇళ్ళలోకి దూసుకుపోయింది. ఎవరో పిల్లవాడి తండ్రి, కుర్చీలో వెనక్కి వాలి, "ఎవరండీ అది? ఇల్లా, ఫ్యాక్టరీనా?" అన్నాడు. చిన్న చిన్న గడుల్లో మొహాలన్నీ నవ్వాయి. "అందరూ మ్యూట్‌లో పెట్టుకోండమ్మా" అంది టీచరు. మిషనక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. పాఠం అవ్వగానే పిల్ల భుజాలు పట్టుకుని గట్టిగా చెప్పింది. "మనింటి చప్పుడు ఇంకెప్పుడూ బయటికి పోకూడదు. స్కూలు అవుతున్నంతసేపూ మ్యూట్ తియ్యొద్దు. పొరపాటున మైకు తెరుచుకున్నా వినపడకూడదు. జవాబు పెదాలతో చెప్పుకో. అర్థమైందా?"

అర్థమైంది. అంత బాగా అర్థం చేసుకున్న పిల్ల ఆ తరగతిలో ఇంకోటి ఉండదు.

ఆ రోజుల్లో ప్రతి ఇంటినీ ఒక నిశ్శబ్దమైన గది అడిగారు. అడిగినట్టు కూడా తెలియకుండా అడిగారు. విడిగా ఒక గది, దానికో తలుపు, ఆ తలుపుకో గొళ్ళెం ఉన్న ఇళ్ళ పిల్లలు జవాబులు చెప్పారు. మిగతావాళ్ళు విన్నారు. రెండేళ్ళ తర్వాత, జవాబులు చెప్పినవాళ్ళు తెలివైనవాళ్ళనీ, విన్నవాళ్ళు వెనకబడ్డారనీ తేల్చారు.

"ఇది నిజం బడి కదే," అంది మిషనక్క. "ఇక్కడ ఫోనేదీ? మ్యూట్ ఏదీ?"

"ఫోను లేదు. కానీ నువ్వు తియ్యమని చెప్పలేదుగా."

"ఇంట్లో అంత వాగుతావు, ఒక్కసారి నన్ను అడగొచ్చుగా?"

పిల్ల తల దించుకుంది. "మొదటి రోజు అడుగుదామనుకున్నా. ఆ అంకుల్ వాళ్ళబ్బాయి మూడో బెంచీలో ఉన్నాడు. నన్ను చూసి, ఫ్యాక్టరీ వచ్చింది అన్నాడు. నేను మాట్లాడితే మళ్ళీ నిన్ను అందరూ నవ్వుతారు కదా."

తనకి చిన్నతనం రాకూడదని ఎనిమిదేళ్ళ పిల్ల మూడు వారాలు నోరు కట్టేసుకుంది. మిషనక్క టేపు పక్కన పడేసి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. కిటికీలోంచి పిల్లలు చూస్తున్నారన్న స్పృహ కూడా లేదు.

"విను. ఆ రోజు నేను చెప్పింది తప్పు. మన మిషను చప్పుడు సిగ్గుపడే చప్పుడు కాదు. ఆ అబ్బాయి ఒంటి మీదున్న చొక్కా ఎక్కడిదో తెలుసా?"

"ఎక్కడిది?"

"ఫ్యాక్టరీదే. నేనే కుట్టా. గుండీలు నువ్వే కుట్టావు, రెండు."

పిల్ల కిసుక్కున నవ్వింది. మూడు వారాల్లో ఆ బడి గోడలు విన్న ఆ పిల్ల మొదటి శబ్దం అది. "అయితే తీసెయ్యనా?"

"తీసెయ్."

శుక్రవారం పొద్దున మిషనక్క కూతుర్ని వెంటబెట్టుకుని పెద్ద టీచరు గదిలోకి వెళ్ళింది. బల్ల మీద హాజరు పుస్తకాల దొంతర. దాని వెనక పెద్ద టీచరు. మాస్కులోంచి ఊపిరి ఎగదన్ని ఆవిడ కళ్ళజోడు పదే పదే మసకబారుతోంది, పైటచెంగుతో తుడుచుకుంటూనే ఉంది. పక్కన క్లాసు టీచరు. మిషనక్క జరిగిందంతా ఒక్క ఊపులో చెప్పింది. గేటు దగ్గర అరిచినందుకు క్లాసు టీచరుకి, "తప్పు నాదేనండీ, మనసులో పెట్టుకోకండి" అని కూడా చెప్పింది.

పెద్ద టీచరు నమ్మినట్టు లేదు. "తల్లులు చెప్పే కథలు చాలా విన్నానమ్మా. చదివించండి చూద్దాం." మూడో తరగతి పుస్తకం తెరిచి పిల్ల చేతిలో పెట్టింది. తేనెటీగల పాఠం.

పిల్ల పుస్తకం కేసి చూసింది. మాస్కు జారింది. పైకి లాక్కుంది. మళ్ళీ జారింది. శబ్దం లేదు.

"చూశారా?" అన్నట్టు చేతులు తిప్పింది పెద్ద టీచరు.

మిషనక్కకి తన మోకాళ్ళు ఇప్పుడే ఆ చిన్న బల్లకి తగులుతున్నట్టనిపించింది. నోటికి వచ్చిన మాటలన్నీ మింగేసి, ఒక్కటే అంది. "మనింట్లో చదివినట్టు చదువమ్మా. నేను మిషను కుడుతున్నాననుకో."

పిల్ల ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత, "తేనెటీగలు గుంపులుగా నివసించును!" అన్న గర్జన ఆ గదిలో పేలింది. పెద్ద టీచరు కుర్చీలో ఎగిరిపడింది. కళ్ళజోడు హాజరు పుస్తకాల మీద పడింది. వరండా ఊడుస్తున్న ఆయమ్మ చీపురుతో సహా పరిగెత్తుకొచ్చి, "ఏమైందమ్మగారూ?" అంది. పిల్ల ఆగలేదు. కామాలూ లేవు, ఫుల్‌స్టాపులూ లేవు. రాణి ఈగ అయిపోయింది, కూలి ఈగలు అయిపోయాయి, తేనె అయిపోయింది, పాఠం కింద ప్రశ్నలు అయిపోయాయి, వాటికి జవాబులు కూడా మొదలుపెట్టింది.

"చాలమ్మా! చాలు తల్లీ!" అంది పెద్ద టీచరు, చెవి మీద చెయ్యి పెట్టుకుని.

"ఇంకో పేజీ ఉందండీ."

"తెలుసు తల్లీ, ఆ పుస్తకం నేనూ చదివాను." ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుంది. "ఈ పిల్లని ఒకటో తరగతికి పంపుదామన్నదెవరు?"

"మీరేనండీ," అంది క్లాసు టీచరు.

"నేనా?" ఆవిడ ఒక్క క్షణం ఆగి, తనే నవ్వింది. "సరే, నేనే. మూడులోనే ఉంటుంది. వెళ్ళు తల్లీ, క్లాసుకి వెళ్ళు. కాస్త మెల్లగా మాట్లాడు, పక్క క్లాసులు కూడా జరగాలి."

మిషనక్కకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. దణ్ణం పెట్టబోయి, చేతిలో టేపు ఉందని గుర్తొచ్చి, టేపుతోనే పెట్టేసింది. బయటికొచ్చి వరండా స్తంభానికి ఆనుకుని మొగుడికి ఫోను చేసింది.

"మూడులోనేనట."

అవతల వ్యాను ఆగిన చప్పుడు, వెనక ఎవరిదో హారను. "మాట్లాడిందా?"

"మాట్లాడటమా? పెద్ద టీచరు కళ్ళజోడు ఊడగొట్టింది."

అతను నవ్వాడు. నవ్వి, ఏదో చెప్పబోయి, ముక్కు చీది, "సరే, వెనక బండ్లు తిడుతున్నాయి" అని పెట్టేశాడు.

క్లాసు టీచరు వచ్చి పక్కన నిలబడింది. "మ్యూట్‌లో పెట్టుకోమన్నది నేనేనమ్మా," అంది. "పెట్టుకున్నాక నాకు హాయిగా ఉండేది. గొడవ లేదు. ఎవరు చెప్తున్నారు, ఎవరు చెప్పడం లేదు అని లెక్క చూసుకోలేదు. తర్వాత ఏం జరిగిందో మా ఎవరికీ తట్టలేదు."

"నాకు మాత్రం తట్టిందా? మాస్కు బాగా కుట్టి ఉంటే ఇప్పటికీ తెలిసేది కాదు."

టీచరు నవ్వలేదు. "ఇంకో నలుగురున్నారు. అలాగే నిలబడతారు, అలాగే కూర్చుంటారు. వాళ్ళ పేర్లూ రాసిచ్చేశాను, కింది తరగతికి పంపడానికి." ఆమె ఆగింది. "మీరు ఎలాగూ కొలతలు తీసుకుంటున్నారు కదా. కాస్త చూస్తారా?"

"నాకేం తెలుసండీ, నేను టీచర్నా?"

"అడగండి, అంతే. నేనడిగితే పరీక్షలా ఉంటుంది."

మిషనక్క స్టూలు మళ్ళీ వేసుకుంది. నలుగుర్లో మొదట వచ్చింది బక్కపల్చటి పిల్ల. అమ్మానాన్నా బట్టలు ఇస్త్రీ చేస్తారు, ఇల్లూ కొట్టూ ఒకటే. మిషనక్క టేపు చాపుతూ, "మీ ఇంట్లో పాఠాలప్పుడు ఎవరెవరు ఉండేవారమ్మా?" అంది. పిల్ల మాట్లాడలేదు. "మా ఇంట్లో అయితే మా అత్తగారు దగ్గుతూనే ఉండేది. మా అమ్మాయి తిట్టుకునేది." పిల్ల కళ్ళు కొంచెం మెరిశాయి. "సరే, చేతులు చాపు. ఇలా, పక్కకి."

పిల్ల చేతులు చాపింది. సరిగ్గా అప్పుడే లోపల తరగతంతా ఒక్కసారిగా ఎనిమిదో ఎక్కం అందుకుంది. మిషనక్క టేపు పట్టుకుని అలాగే ఉండిపోయింది. చెవులు రిక్కించి కూతురి గొంతు వెతికింది. ఇరవై నాలుగు దగ్గర అదేననిపించింది, కాదు. నలభై దగ్గర అనుకుంది, అదీ కాదు. రోజూ ఇల్లెగరగొట్టే ఆ గొంతు, అన్ని గొంతుల మధ్య ఏదో పోల్చుకోలేనంతగా కలిసిపోయింది. మిషనక్కకి కళ్ళు చెమర్చాయి. ఏ అంకె రాసుకోవాలో మర్చిపోయింది.

ఎక్కం అయిపోయింది, మళ్ళీ మొదలైంది.

"ఆంటీ," అంది ఇస్త్రీవాళ్ళ పిల్ల, స్పష్టంగా. "నా చేతులు నొప్పెడుతున్నాయి. దించనా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ టీచరు గిరుక్కున తిరిగింది.

"దించు తల్లీ, దించు," అంది మిషనక్క.